హార్డీ నవ్వును పాఠంలోకి రానివ్వండి

తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో ఇంగ్లీషు సిలబస్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ స్టడీస్ సభ్యులకు,



ఇరవై ఎనిమిదేళ్లు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. సిలబస్ మార్చాలని కూర్చున్నప్పుడల్లా ఎవరిని ఉంచాలి, ఎవరిని తీసేయాలి అన్న చర్చ వస్తుంది. థామస్ హార్డీ వంతు రాగానే, పిల్లలకు అంత ఏడుపు ఎందుకండీ అని ఎవరో ఒకరు అంటారు. ఈ ఉత్తరం రాయించింది ఆ మాటే. హార్డీలో ఏడుపు ఉంది, కాదనను. కానీ ఆయన నవలల్లో దుఃఖం చాలాసార్లు నవ్వు చెయ్యి పట్టుకునే లోపలికి వస్తుంది. ఆ నవ్వున్న పేజీలను మనం తరగతిలో వదిలేశాం. అందుకే మన పిల్లలకు ఏడుపొక్కటే మిగిలింది.

నేనూ వదిలేసినవాణ్ణే. మొదటి పదేళ్లు హార్డీ పాఠం మొదలుపెట్టగానే బోర్డు మీద విధి, యాదృచ్ఛికం, నిరాశావాదం అని మూడు మాటలు రాసేవాణ్ణి. పిల్లలు రాసుకునేవాళ్లు. పరీక్షలో అవే అడిగేవాళ్లం, వాళ్లు అవే రాసేవాళ్లు. బజారు గైడులో ఊళ్లోవాళ్ల సంభాషణలకు ఒకే ఒక్క వాక్యం ఉండేది: ఇవి కథకు ఊరట కలిగించే హాస్య సన్నివేశాలు అని. ఊరట అన్నాక చదవకపోయినా నష్టం లేదనే కదా పిల్లలకు అర్థమయ్యేది! తనను నిరాశావాది అనడం హార్డీకి నచ్చేది కాదు. 1922లో తన కవితా సంపుటికి ముందుమాట రాస్తూ కూడా ఆ ముద్రతో వాదులాడాడు. మనుషుల స్థితి మెరుగుపడాలంటే ముందు దాని చెడ్డను నిండుగా చూడాలన్నది ఆయన పక్షం. అప్పటికి ఆయనకు ఎనభై దాటాయి.

ఒక మనిషిని మీకు గుర్తుచేస్తాను. జోసెఫ్ పూర్‌గ్రాస్. 1874లో వచ్చిన 'ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్'లో పాలేరు. మహా సిగ్గరి. ఆడవాళ్లు ఎదురైతే ముఖం ఎర్రబడిపోతుంది, ఆ సిగ్గు తనకు వంశంలో వచ్చిందని చెప్పుకుంటాడు. ఎనిమిదో అధ్యాయంలో ఊరివాళ్లంతా మాల్ట్‌హౌస్‌లో, అంటే బార్లీ మొలకలను ఆరబెట్టే కొట్టంలో, మంట చుట్టూ చేరి అతని కథ ఒకటి చెప్పుకుంటారు. ఒక రాత్రి కాస్త తాగి ఇంటికొస్తూ యాల్‌బరీ అడవిలో దారి తప్పాడట. మనిషి తప్పిపోయాడు, మనిషి తప్పిపోయాడు అని కేకలు పెట్టాడట. చెట్టు మీద గుడ్లగూబ కూసింది. ఇంగ్లీషు చెవికి ఆ కూత ఎవరు, ఎవరు అన్నట్టుంటుంది. పాపం జోసెఫ్, ఎవరో పెద్దమనిషి అడుగుతున్నాడనుకుని, ఎంతో వినయంగా తన పేరూ ఊరూ చెప్పి చివర అయ్యగారూ అని కూడా చేర్చాడట. కొట్టమంతా నవ్వు. అక్కడ హార్డీ ఇంకో చిన్న పని చేశాడు. జోసెఫ్ అడ్డుపడతాడు. అయ్యగారూ అనలేదంటాడు. అంత రాత్రివేళ అక్కడ గొప్పింటివాళ్లెవరూ కూయరని తనకు తెలుసు కాబట్టి, ఆ మాట మాత్రం అని ఉండనని ఒట్టేసినంత పని చేస్తాడు. గుడ్లగూబకు జవాబు చెప్పానని ఒప్పుకుంటాడు కానీ, గౌరవం ఎక్కువిచ్చానంటే ఒప్పుకోడు.

ఈ కథను ఊరట అని వదిలేసినవాళ్లు ముప్పైనాలుగు అధ్యాయాల తర్వాత ఏం జరిగిందో సరిగ్గా చూడలేరు. జోసెఫ్ యజమానురాలు బాత్‌షెబా ఇంట్లో ఒకప్పుడు పనిచేసిన ఫానీ రాబిన్ క్యాస్టర్‌బ్రిడ్జ్ పేదల ఆశ్రమంలో చనిపోయింది. ఆమె శవపేటికను బండిలో తీసుకురమ్మని జోసెఫ్‌నే పంపారు. దారి ఆ యాల్‌బరీ అడవిలోంచే. పొగమంచు కమ్ముకుంది. ఆకుల మీంచి నీటిబొట్లు పెట్టె మీద పడుతున్నాయి. గుడ్లగూబకే హడలిపోయిన మనిషి, పక్కన శవంతో, ఒక్కడే. అడవి దాటగానే బక్స్ హెడ్ సారాయి కొట్టు కనిపించింది. లోపల స్నేహితులు ఇద్దరున్నారు. ఒక్క గ్లాసు అనుకున్నాడు. అది రెండయ్యింది, మూడయ్యింది. లోపల వాళ్ల కబుర్లు చదివితే పొట్ట పట్టుకుని నవ్వుతాం. చర్చికీ చాపెల్‌కీ తేడా గురించి ఆ ఇద్దరిలో ఒకడైన జాన్ కాగన్ వాదిస్తాడు. చాపెల్‌కి వెళ్లేవాళ్లు మోక్షానికి తనకంటే దగ్గరేనని ఒప్పుకుంటాడు. అయినా తాను చర్చిని వదలడట. తన బంగాళాదుంపలన్నీ మంచుకు పాడైన ఏడాది విత్తనానికి బస్తా ఇచ్చింది చర్చి ఫాదరేనట. బయట పొగమంచులో బండి, బండిలో పెట్టె.

బాత్‌షెబా పొలంలోనే పనిచేసే గేబ్రియల్ ఓక్ వచ్చి బండి తోలుకుపోయేసరికి పొద్దుపోయింది. ఖననం మర్నాటికి వాయిదా పడింది. పెట్టెను ఆ రాత్రికి బాత్‌షెబా ఇంట్లో ఉంచాల్సి వచ్చింది. మూత మీద సుద్దముక్కతో రాసి ఉన్న పేరు పక్కన 'బిడ్డ' అన్న మాట ఉంది. ఓక్ ఆ మాటను చేతిరుమాలుతో చెరిపేశాడు. అయినా ఆ రాత్రి బాత్‌షెబా మూత తీసింది. తన భర్తకూ ఫానీకీ పుట్టిన పసిగుడ్డును తల్లి పక్కన చూసింది. ఆమె కాపురం ఆ రాత్రితో ముగిసింది.

ఇక్కడ విధి ఎక్కడుందో చెప్పండి. నేను పదేళ్లు బోర్డు మీద రాసిన విధి నిజానికి జోసెఫ్ పిరికితనం. ఆ పిరికితనం చూసి ఎనిమిదో అధ్యాయంలో మనమందరం నవ్వాం. నవ్వినప్పుడే హార్డీ దాన్ని మన చేతిలో పెట్టాడు. గుడ్లగూబ కథ చదవని విద్యార్థికి సారాయి కొట్టు దగ్గర ఆగడం కాకతాళీయం. చదివిన విద్యార్థికి అది ఆ మనిషి చేసి తీరాల్సిన పని.

ఆ ఎనిమిదో అధ్యాయాన్ని మొట్టమొదటిసారి తరగతిలో పైకి చదివిన రోజు నాకు బాగా జ్ఞాపకం. బీఏ రెండో సంవత్సరం, మధ్యాహ్నం మూడో పీరియడ్. సిలబస్ అయిపోయింది, వారం మిగిలింది. ఆ కొట్టంలో ముసలి మాల్ట్‌స్టర్ ఒకడుంటాడు. వయసెంత అని అడిగితే పుట్టిన ఏడాది గుర్తులేదంటాడు. బతికిన ఊళ్లను లెక్కపెడతాడు. ఇక్కడ పదకొండేళ్లు, అక్కడ ఏడు, ఇంకోచోట ఇరవైరెండు అని చెప్పుకుంటూ పోతే ఎవరో కూడి నూటపదిహేడు అంటారు. అయితే అదే నా వయసు అంటాడు తాత. ఎండాకాలం దుంపచేలో పనీ, చలికాలం కొట్టంలో పనీ ఒకే ఏళ్లలోవి, రెండూ కలపకూడదు అంటాడు కొడుకు. ఆ కొడుక్కే అరవై దాటాయి. తాతకు కోపం వస్తుంది. ఎండాకాలాలు కూడా బతికాను కదా, అవి లెక్కలోకి రావా అని అతని ప్రశ్న.

పిల్లలు నవ్వారు. కృష్ణా జిల్లా దివిసీమ నుంచి వచ్చిన ఒకమ్మాయి, మా తాతయ్య కూడా ఇంతే సార్, ఏది అడిగినా ఉప్పెనకు ముందు, ఉప్పెనకు తర్వాత అనే చెబుతాడు అంది. 1977 ఉప్పెన చూసినవాళ్ల లెక్క అది. తరగతి మరింత నవ్వింది. ఎప్పుడూ నోరు విప్పని కుర్రాడొకడు వెనక బెంచీలోంచి, సార్, ఆ పదకొండు నెలలు ఏంటి అని అడిగాడు.

నేనెప్పుడూ గమనించని చోటు అది. తాత లెక్కలో ఒక ఊళ్లో ఏళ్లు లేవు. పద్నాలుగుసార్లు పదకొండేసి నెలలు అని ఉంటుంది. అక్కడి ఆసామి పదకొండు నెలలకు మించి పనికి పెట్టుకునేవాడు కాదట. అప్పటి ఇంగ్లండ్ పేదల చట్టం ప్రకారం ఒక పారిష్‌లో ఏడాది నిండా కూలికి కుదిరితే ఆ మనిషికి అక్కడ స్థిరనివాసపు హక్కు వచ్చేది. పని చేయలేని స్థితి వస్తే అతన్ని ఆ పారిష్ పోషించాలి. ఆ హక్కు రాకుండా పద్నాలుగేళ్లు ఏటేటా ఒక నెల ముందే పని ఆపేశారన్న మాట. కుర్రాడు విని, మా అన్నది కూడా కాంట్రాక్టే సార్, ఏడాది నిండకముందే బ్రేక్ ఇస్తారు అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. ముసలివాడి లెక్క చూసి నవ్విన ఆ నవ్వు ఇంకా ముఖాల మీద ఉండగానే.

అప్పుడు నాకు తెలిసింది, హార్డీని ఇన్నేళ్లూ నేను తలకిందులుగా చెబుతున్నానని. ఆ పదకొండు నెలల గురించి ఆయన పేజీ నిండా కోపంగా రాసి ఉంటే ఆ కుర్రాడు అడిగేవాడు కాదేమో. వయసు లెక్కలో, నవ్వు మధ్యలో, పూచికపుల్ల తీసి పక్కన పెట్టినంత తేలిగ్గా పెట్టాడు కాబట్టి అడిగాడు.

ఈ పద్ధతి హార్డీకి పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. డార్సెట్‌లో డార్చెస్టర్ పక్కన హయ్యర్ బాక్‌హాంప్టన్ అనే పల్లెలో 1840లో పుట్టాడు. తండ్రి తాపీమేస్త్రీ, ఫిడేలు వాయించేవాడు. తాత, తండ్రి స్టిన్స్‌ఫర్డ్ చర్చిలో వాద్యబృందం నడిపారు. హార్డీకి ఊహ తెలిసేనాటికే ఆ మేళం ఆగిపోయింది, కథలు మాత్రం ఇంట్లో మిగిలాయి. కుర్రవాడిగా ఉన్నప్పుడు పెళ్లిళ్లలో, విందుల్లో తనూ ఫిడేలు వాయించాడు. 1872 నాటి 'అండర్ ది గ్రీన్‌వుడ్ ట్రీ' అంతా ఆ మేళం గురించే. అది మన సిలబస్‌లో నేను చూసినంతలో ఎక్కడా లేదు. నాకది అన్యాయమనిపిస్తుంది.

అలాంటి మేళం మీదే ఆయన రాసిన చిన్న కథ ఒకటుంది, నాలుగు పేజీలు. క్రిస్మస్ తర్వాతి ఆదివారం, గడ్డకట్టే చలి, వాద్యగాళ్లు చర్చి పై అంతస్తులో కూర్చుని వేడి బ్రాందీ, బీరు కలిపి తాగి ప్రసంగం సాగుతుండగా నిద్రపోతారు. పాట మొదలుపెట్టమని ఎవరో లేపితే, రాత్రి డాన్సులో వాయించిన గంతుల పాట ఎత్తుకుంటారు. చర్చి దద్దరిల్లిపోతుంది. కథ విన్నవాళ్లంతా నవ్వుతారు. తర్వాత జరిగిందేమిటంటే, ఊరి దొర మండిపడి మేళాన్ని రద్దు చేసి, పిడి తిప్పితే కీర్తనలు మాత్రమే పలికే యంత్రం తెప్పించాడు. తరాల నుంచి ఉన్న కళ ఒక్క ఆదివారంతో ఆగిపోయింది. ఫిడేలు పట్టిన ఇంట్లో పుట్టినవాడు ఈ కథ నవ్వుతూ చెప్పాడంటే ఎంత బాధ మింగి చెప్పి ఉంటాడో చూడండి.

'ది మేయర్ ఆఫ్ క్యాస్టర్‌బ్రిడ్జ్' మీలో చాలామంది చెప్పే ఉంటారు. మైకంలో భార్యను అయిదు గినీలకు అమ్మేసిన హెన్‌చర్డ్ కథ. అతని పతనం మొదలయ్యే కోర్టు సన్నివేశాన్ని ఈసారి పైకి చదివి చూడండి. తాగి చర్చి దగ్గర అల్లరి చేసిందని, హెన్‌చర్డ్ మేజిస్ట్రేటుగా కూర్చున్న కోర్టుకు ఒక ముసలమ్మను తెచ్చారు. కానిస్టేబులు స్టబర్డ్ బూతు పలకలేక మొదటి అక్షరం మాత్రమే చెబుతూ సాక్ష్యమిస్తుంటే ముసలమ్మ అడుగడుగునా ఆక్షేపణ తెలుపుతుంది. తానన్న మాట తనకే వినిపించే స్థితిలో లేనప్పుడు దాన్ని సాక్ష్యంగా ఎలా తీసుకుంటారని లా పాయింటు లాగుతుంది. కోర్టంతా సరదాగా ఉంది. ఆ సరదాలోనే ఆమె, ఇరవై ఏళ్ల కిందట సంతలో తన జావ డేరాలో పెళ్లాన్ని అమ్మినవాడు ఈ కుర్చీలో కూర్చున్న మనిషేనంటుంది. హెన్‌చర్డ్ అబద్ధమాడలేదు, నిజమేనన్నాడు.

మనకిది కొత్త పద్ధతేమీ కాదు. గురజాడ 'కన్యాశుల్కం' 1892లో విజయనగరంలో ఆడారు. హార్డీ నవల 'టెస్' పుస్తకంగా వచ్చింది 1891లో. ఒకరి గురించి ఇంకొకరికి తెలిసి ఉంటుందని నేననను. కానీ లుబ్ధావధాన్లు బేరం చూసి నవ్వే తెలుగువాడికి, ఆ బేరం నడుస్తున్నది చిన్నపిల్ల మీద అని గుండెలో గుచ్చుకోవడం అలవాటే. ఆ అలవాటున్న పిల్లలకు హార్డీని నవ్వు తీసేసి వడ్డిస్తున్నామే అని నా బాధ.

ఇక నేను కోరుతున్నది చెబుతాను. 'ఫార్ ఫ్రమ్ ది మ్యాడింగ్ క్రౌడ్' ఎనిమిదో అధ్యాయాన్ని డిగ్రీ సిలబస్‌లో నిర్బంధ పాఠంగా పెట్టండి. నవల మొత్తం పెట్టలేకపోయినా అదొక్కటి పెట్టండి. దాన్ని పిల్లలచేత పైకి చదివించే మార్కులు కొన్ని ఇంటర్నల్స్‌లో ఉంచండి. డార్సెట్ యాస ఇంగ్లీషు చూసి భయపడతారని అనకండి. వాళ్లలో చాలామందికి ఇంట్లో ఒక తెలుగు, కాలేజీలో ఒక తెలుగు ఉన్నాయి. శ్రీకాకుళం, నల్లగొండ, అనంతపురం మాటలు మాట్లాడే పిల్లలు ఆ పాలేర్ల సంభాషణను తమ ఊరి మాటలోకి మార్చి చెబితే అది అనువాదంలో మంచి అభ్యాసం. నా తరగతిలో జోసెఫ్ పూర్‌గ్రాస్ సిక్కోలు యాసలో గుడ్లగూబకు జవాబు చెప్పాడు. తన ఊరి మాటకు ఇంగ్లీషు పాఠంలో చోటు దొరికిందని ఆ చెప్పినవాడి ముఖంలో కనిపించిన సంతోషం మర్చిపోలేను. ప్రశ్నపత్రంలో నిరాశావాదం గురించి ఒక ప్రశ్న ఉంటే ఉండనివ్వండి. ఫలానా చోట అందరూ ఎందుకు నవ్వారు, ఎవరు నవ్వలేదు అనే ప్రశ్న కూడా ఒకటి ఉండనివ్వండి.

ఆ ప్రశ్న నాకు తట్టించింది 'టెస్'. ఎంఏలో ఆ నవల చెప్పేవాళ్లకు ఇరవై ఒకటో అధ్యాయం గురించి ప్రత్యేకంగా మనవి చేస్తున్నాను. టాల్‌బతేస్ పాలకేంద్రం. పొద్దున్నే పీపాలో పాలు పోసి తిప్పుతున్నారు. వెన్న పడటం లేదు. పాలకేంద్రానికి వెన్న పడకపోవడం అంటే పొయ్యిలో పిల్లి పడుకున్నంత కష్టం. యజమాని క్రిక్‌కు మంత్రగాళ్లు గుర్తొచ్చారు. ఇంట్లో ఎవరో ప్రేమలో పడి ఉంటారు, అందుకే వెన్న పడదు అంటుంది ఆయన భార్య. దాంతో క్రిక్‌కు పాత సంగతి జ్ఞాపకం వచ్చింది. జాక్ డాలప్ అని ఇక్కడే పాలు పితికేవాడు ఒక పిల్లను మోసం చేశాడు. ఒకరోజు ఆ పిల్ల తల్లి ఇత్తడి పిడి గొడుగు పట్టుకుని కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. జాక్ భయపడి ఇదే పీపాలోకి దూరి మూత వేసుకున్నాడు. ఆమె ఇల్లంతా వెతికి, చివరికి పీపాలో ఉన్నాడని కనిపెట్టి పిడి పట్టుకుని తిప్పడం మొదలుపెట్టింది. లోపల వాడు ఎగిరెగిరి పడుతూ గోల. నీ తప్పు దిద్దుకుంటావా లేదా అని ఆమె. దిద్దుకుంటానని మాట ఇచ్చేదాకా తిప్పుతూనే ఉంది.

క్రిక్ బాగా చెబుతాడు. చదువుతుంటే పీపాలో వాడి మోకాళ్లు చెక్కకు కొట్టుకోవడం వినిపిస్తుంది. అందరూ నవ్వుతున్నారు. మనమూ నవ్వుతున్నాం. అప్పుడు వెనక ఎవరో కదిలినట్టయింది. అక్కడ పాలు పితికే టెస్ ముఖం పాలిపోయి గుమ్మం దగ్గర ఉంది. ఇవాళ ఉక్కగా ఉంది అని మాత్రం అంది. క్రిక్ పాపం మంచి మనిషి, లేచి తలుపు తీశాడు. ఎండలు మొదలు కాకముందే ఇలా డీలా పడితే ఎలా అమ్మాయ్ అని ఆప్యాయంగా అన్నాడు. ఆమె బయటికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే పీపాలో చప్పుడు మారింది. వెన్న పడుతోందని క్రిక్ భార్య కేక వేసింది. అందరి చూపూ అటు మళ్లింది.

మోసపోయిన పిల్ల ఆ కథలో గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తూ ఉంటుంది. మొదటిసారి చదివినప్పుడు ఆ పిల్ల నాకు కనిపించలేదు, గొడుగే కనిపించింది. ఒకప్పుడు తనూ అలాగే మోసపోయిన టెస్‌కు ఆ పిల్ల ఒక్కతే కనిపించింది. ఆ కథలో ఏడవాల్సింది ఉందని ఆ గదిలో ఆమెకొక్కదానికే తెలుసు. కొన్ని అధ్యాయాల తర్వాత క్రిక్ ఇంకా చెబుతాడు. జాక్ చివరికి ఆ పిల్లను చేసుకోనే లేదు. ఏడాదికి యాభై పౌన్లు వస్తాయని ఒక వితంతువును చేసుకుంటే, పెళ్లితో ఆ రాబడి కాస్తా పోయిందట. మళ్లీ అందరూ నవ్వారు. పెళ్లికి ముందే ఆ వితంతువు ఆ సంగతి చెప్పాల్సిందా అని ఆడవాళ్లు సరదాగా వాదించుకుంటుంటే, తనను పెళ్లాడమంటున్న ఏంజెల్‌కు తన గతం చెప్పాలా వద్దా అని రగిలిపోతున్న టెస్ అక్కడే ఉంది.

తరగతిలో ఈ అధ్యాయం చదివేటప్పుడు జాక్ డాలప్ కథను గబగబా దాటేయకండి. క్రిక్ ఎంత హుషారుగా చెబుతాడో అంత హుషారుగా చదవండి. పిల్లలను నవ్వనివ్వండి, అరవై మందీ నవ్వాలి. గుమ్మం దగ్గర టెస్ ఉన్న వాక్యం రాగానే పుస్తకం మీంచి తలెత్తి, వెన్న పడిందన్న కేక చదవకముందు ఒక్క నిమిషం ఆగండి.


ఒక విశ్రాంత ఇంగ్లీషు అధ్యాపకుడు